కాకికి చెప్పిన మాట

పిన్ని వాళ్ల ఊళ్లో సముద్రం ఉత్తరాన ఉంటుంది. టాస్మేనియా ద్వీపానికి ఉత్తరపు అంచున, కొండవాలుకీ నీళ్లకీ మధ్య సన్నగా పరుచుకున్న చిన్న ఊరది. వాలు మీద ఎర్రమట్టి పొలాలు, వాటిలో బంగాళదుంపలు, ఉల్లి. కింద నల్లరాళ్లు, ఆ తరవాత నీళ్లు. మధ్యాహ్నపు ఎండ కూడా సముద్రం వైపు నుంచే ఇంట్లోకి వస్తుంది. సూర్యుడు సముద్రంలోంచి లేచే కాకినాడ దగ్గర పుట్టి పెరిగిన పిన్నికి, అక్కడ పద్నాలుగేళ్లు కాపురం చేసినా, ఆ దిక్కులు అలవాటు కాలేదు. “సముద్రం కేసి తిరిగి నిలబడితే సూర్యుడు పక్కనుంచి వస్తాడేంటే, దొంగలాగ” అనేది.

నేను మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌లో, ఇంకో ముగ్గురు అమ్మాయిలతో కలిసి అద్దె ఇంట్లో ఉంటాను. చదువు అయిపోయింది. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేస్తాను, అదీ వాళ్లు పిలిచినప్పుడు. ఈ దేశంలో నాకున్న చుట్టాలు పిన్ని, బాబాయి, వాళ్లమ్మాయి. అందుకని సెలవు దొరికితే చిన్న విమానం ఎక్కి ఆ ఊరు వెళ్లేదాన్ని. సంచిలో రెండు స్వెటర్లు, డైరీ, చదవగలిగిన దానికంటే ఎక్కువ పుస్తకాలు ఉండేవి. పిన్ని నన్ను మాట్లాడమని బలవంతపెట్టేది కాదు. సముద్రం కనిపించే గదిలో దుప్పటి వేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయేది. నాకు ఆ ఊరు చాలా ఇష్టం. ఆ మాట పిన్నితో ఎప్పుడూ అనలేదు, ఎందుకంటే పిన్నికి ఇష్టం లేదు.

బాబాయి ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. పెద్ద నగరాలకి దూరంగా మూడేళ్లు పనిచేస్తే వీసా సులువని వచ్చారు. మూడేళ్లయ్యాక పీఆర్, దేశంలో ఎక్కడైనా ఉండగలిగే శాశ్వత వీసా, వచ్చింది. అప్పటికి బాబాయికి ఊళ్లో ప్రతి ముసలాయన బీపీ ఎంతో తెలుసు, ఏ రాయి మీద నిలబడితే ఏ చేప పడుతుందో తెలుసు. పిన్నికి మాత్రం తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడుకోవడానికి మనిషి లేదు. వృద్ధాశ్రమం వంటింట్లో, పళ్లు లేని వాళ్లకి ఉప్పులేని కూరలు మెత్తగా నలిపి పెట్టే ఉద్యోగం చేసేది. సిడ్నీ వెళ్దామని అడగడం, వచ్చే ఏడు చూద్దామని ఆయన అనడం, నేను వెళ్లిన ప్రతిసారీ భోజనాల దగ్గర వినేదాన్ని. వాళ్లమ్మాయి, నాకు చెల్లెలి వరస, అక్కడే పెరిగి, సిడ్నీలో చదివి, ఆ నగరంలోనే పారమట్టాలో ఒక ఫైనాన్స్ ఆఫీసులో చేరింది. ఆ తరవాత పిన్ని అడగడం ఇంకా ఎక్కువైంది. చివరికి ఒక వేసవిలో ఆయన ఒప్పుకున్నాడు. పిన్ని షాపు నుంచి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి గరాజ్‌లో మడిచి పేర్చింది. ఫోన్‌లో ఆ సంగతి చెప్తున్నప్పుడు ఆవిడ గొంతు నేనెప్పుడూ విననంత పల్చగా, పిల్లలాగా ఉంది.

మార్చి నెలలో, అక్కడి శరదృతువులో, షాపు షట్టరు ఎత్తుతూ బాబాయి కుప్పకూలిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే ఆయన లేడు.

పదో రోజు కర్మ ఇంటి వెనక, గడ్డి అయిపోయి రాళ్లు మొదలయ్యే చోట చేశాం. కొడుకులు లేరు కాబట్టి చెల్లి కర్తగా కూర్చుంది. మెల్‌బోర్న్ నుంచి పంతులుగారు వీడియో కాల్‌లో మంత్రాలు చెప్పారు. పూలకుండీకి ఆనించిన ట్యాబ్లెట్ గాలికి రెండుసార్లు పడిపోయింది. దక్షిణం వైపు తిరగమన్నారు. ఆ ఊళ్లో దక్షిణమంటే సముద్రానికి వీపు పెట్టి కూర్చోవడమే. వాలు మీద ఒక ట్రాక్టరు అటూ ఇటూ తిరుగుతూ ఉంది.

పిండం తీసి రాతి మీద పెట్టాం. కాకి ముట్టుకోవాలి. పెట్టీ పెట్టగానే సీగల్స్ దిగాయి.

“అంకుల్, ఇక్కడన్నీ సీగల్సే. అవి తింటే ఓకేనా?” అని చెల్లి ట్యాబ్లెట్ మీదికి వంగి అడిగింది.

“కాకి ముట్టాలమ్మా. వాటిని తోలండి.”

పక్కింటావిడ, ఎనభై దాటిన మనిషి, నల్లగౌను వేసుకుని కేకు పట్టుకుని వచ్చి అంతవరకూ వెనకే నిలబడి ఉంది. ఏం జరుగుతోందో అడగలేదు. కాకి మాత్రమే తినాలని చెల్లి ఇంగ్లీషులో చెప్పగానే కేకు నా చేతిలో పెట్టి, భుజం మీది కండువా తీసి సీగల్స్‌ని తరమడం మొదలుపెట్టింది. చివరికి ఒక నల్లటి పక్షి వచ్చి బట్టలారేసే కమ్మీ మీద వాలింది. మన కాకి కంటే పెద్దది. గొంతు కింద గడ్డంలా ఈకలు, కళ్లు తెల్లగా ఉన్నాయి.

“ఇది కాకి కాదమ్మా, రేవెన్. మా దీవిలో కాకులుండవు” అంది పక్కింటావిడ, క్షమాపణ చెప్తున్నట్టు.

పిన్ని ట్యాబ్లెట్ ఎత్తి పక్షి వైపు తిప్పింది. పంతులుగారు కళ్లద్దాలు సర్దుకుని చూశారు. “కాకికి చుట్టమే కదమ్మా. పరవాలేదు, రానివ్వండి” అన్నారు.

అది రాలేదు. కమ్మీ మీద కూర్చుని పిండాన్ని చూస్తూనే ఉంది. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకి ఏదో తీరని కోరిక ఉన్నట్టు. అదేమిటో అయినవాళ్లు ఊహించుకుని, తీరుస్తామని పైకి చెప్పాలి. చిన్నప్పుడు మా తాతయ్య పోయినప్పుడు పెద్దవాళ్లు ఒకరి తరవాత ఒకరు అలా చెప్పడం చూశాను. పంతులుగారు అదే అన్నారు. “మనసులో ఏదో ఉండిపోయినట్టుంది. పైకి చెప్పండమ్మా.”

చెల్లి అమ్మానాన్నలకి ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల. ఆరోజు తెలుగులో చెప్పింది. “నాన్నా, అమ్మని నేను చూసుకుంటా. ప్రామిస్.”

పక్షి మొహం అటు తిప్పుకుంది. నేనూ ఏదో అనాలనుకున్నాను. ఆయన నాకు చేపలు పట్టడం నేర్పుతానన్నాడు, అదొక్కటే గుర్తొచ్చింది.

అప్పుడు పిన్ని రెండడుగులు ముందుకేసింది. గాలికి ముడి ఊడిపోయి జుట్టు మొహం మీద పడుతోంది. “మీ ఇల్లు అమ్మను. ఈ ఊరు వదిలి వెళ్లను. ఉన్నంతకాలం ఇక్కడే ఉంటాను” అంది. తరవాత, రోజూ అన్నానికి పిలిచే గొంతుతోనే, “ఇంక తినండి” అంది.

పక్షి కమ్మీ మీంచి దూకి, రాతి మీదికి గెంతి, ఒక ముద్ద ముక్కున కరుచుకుని ఇంటి కప్పు మీదుగా వెళ్లిపోయింది.

“తృప్తి పడ్డారమ్మా. స్నానాలు చేయండి” అన్నారు పంతులుగారు. చెల్లి ఏడుస్తూ పిన్నిని కౌగిలించుకుంది. పిన్ని దాని వీపు నిమురుతూ, దాని భుజం మీంచి గరాజ్ వైపు చూస్తూ ఉండిపోయింది.

జూలైలో మళ్లీ వెళ్లాను. చలికాలంలో అక్కడ పడమటి గాలి రోజుల తరబడి ఆగదు. కిటికీల అద్దాల మీద ఉప్పు పొరలా పేరుకుంటుంది. ఊళ్లోవాళ్లు మంచివాళ్లు. నెలల తరబడి ఎవరో ఒకరు గుమ్మంలో వంటకం పెట్టి వెళ్తూనే ఉన్నారట. వంటింటి గట్టు మీద కడిగి బోర్లించిన గాజు పళ్లేలున్నాయి. ప్రతిదాని అడుగునా టేపు అతికించి పేరు రాసి ఉంది. “అన్నిట్లోనూ మాంసమే. తినలేను, పారెయ్యలేను. పక్కింటావిడ కుక్క బలిసిపోయింది” అంది పిన్ని. అంటూ నవ్వింది కూడా.

హీటరు ఒక్క గదిలోనే వేసుకునేది. నేను ఆ గదిలో సోఫా మీద చదువుకుంటుంటే, పక్కన కూర్చుని ఫోన్‌లో ఇళ్లు చూసేది. వెస్ట్‌మీడ్, పారమట్టా వైపు అద్దె ఇళ్లు. “ఇదిగో, దీనికి రెండు బాల్కనీలు. కింద ఇండియన్ షాపుందిట” అని నాకు చూపించేది. నేను తలెత్తి చూస్తే, “ఊరికే” అనేది. ఒకరోజు ఒక ఇంటి ఫొటోలు మొత్తం చూసి, వంటింట్లో పొయ్యి ఎటు తిరిగుందో, పోపు పెడితే పొగ ఎటు పోతుందో చాలాసేపు చెప్పింది. ఆ తరవాత ఫోన్ బోర్లా పెట్టేసి, రేపటికి మినప్పప్పు నానబోయడానికి వెళ్లింది. నేను పుస్తకంలో అదే పేజీ తెరిచి కూర్చున్నాను.

సూపర్‌మార్కెట్‌లో ఎవరెవరో ఆపి బాబాయి గురించి చెప్పేవారు. మాత్రల డబ్బాల మీద పెద్దక్షరాలతో రాసిచ్చేవాడని, వానలో ఇంటికి తెచ్చిచ్చేవాడని. పిన్ని ఓపిగ్గా వినేది. కారెక్కాక స్టీరింగ్ పట్టుకుని, “ఈ ఊరంతా ఆయన్ని చుట్టంలా చూసిందే. నేనే అత్తగారి ఊళ్లో ఉన్నట్టు ఉన్నాను” అంది.

అక్టోబరులో చెల్లి వచ్చింది, నన్నూ రమ్మంది. వసంతం కదా, కొండ మీద టులిప్ పొలాలు రంగురంగుల చారలుగా విచ్చుకుని ఉన్నాయి. ఊళ్లో టూరిస్టు బస్సులు. మేం ముగ్గురం వంటింట్లోనే ఉన్నాం. పిన్ని బీన్స్ తరుగుతోంది.

“పంతులుగారితో మాట్లాడాను. దానం ఇచ్చి, పదిమందికి భోజనం పెడితే ఆ మాట క్యాన్సిల్ అయిపోతుందట. హి సెడ్ ఇట్స్ ఫైన్” అంది చెల్లి.

పిన్ని తలెత్తలేదు.

“అమ్మా, ఇట్స్ ఎ బర్డ్. ఇట్ వాజ్ హంగ్రీ, దట్సాల్.”

“అది పక్షని నాకు తెలీదా? నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నావేంటి?”

“దెన్ వై?”

పిన్ని ఇంకో గుప్పెడు బీన్స్ ముందుకు లాక్కుంది. చెల్లి నా వైపు తిరిగింది. “అక్కా, నువ్వైనా చెప్పు.” నేను టేబుల్ మీది నారలు ఏరి ఒక పక్కకి పోగు చేశాను. అప్పుడు చెల్లి ఏడ్చింది, ఆఫీసులో పెద్ద పెద్ద మీటింగులు నడిపే పిల్ల. సిడ్నీలో రోజూ రాత్రి అమ్మ ఫోన్ ఎత్తకపోతే ఏం చెయ్యాలో ఆలోచిస్తూ పడుకుంటున్నానని ఇంగ్లీషులో గబగబా చెప్పింది. పిన్ని కత్తి పక్కన పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, దాని తల దగ్గరికి తీసుకుంది. “సరే. వస్తానులే. ఉండి చూస్తాను” అంది.

నవంబరులో వెళ్లింది. అక్కణ్నుంచి నాకు ఫోన్ చేసినప్పుడు ఆ పల్చటి గొంతు మళ్లీ విన్నాను. మెట్లు దిగితే రోడ్డు మీద తెలుగట. కూరల షాపులో ఒకావిడ దొండకాయలు ఏరుతూ, “లేతవి చూసి తీసుకోండి వదినా” అందట, ముక్కూ మొహం తెలియకుండానే. రైల్లో ఇద్దరు పిల్లలు తెలుగులో తిట్టుకుంటుంటే వినడానికి తన స్టేషను దాటిపోయిందట. నేను కూడా, ఇంక ఆ సముద్రపు గది లేనట్టే అనుకుని, ఆ బాధని పక్కన పెట్టుకుని, సంతోషపడ్డాను.

క్రిస్మస్‌కి ముందే తిరిగి వచ్చేసింది. మెల్‌బోర్న్‌లో విమానం మారే మధ్యలో కలవడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. కిటికీ పక్కన, ఒళ్లో సంచీతో కూర్చుని ఉంది. నాకోసం జంతికల పొట్లం తెచ్చింది.

“ఎందుకు వచ్చేశావు పిన్నీ? అక్కడ బాగోలేదా?”

“బాగుంది. చాలా బాగుంది” అంది. “అందుకే వచ్చేశాను.”

ఫిబ్రవరిలో నాకు పని పెద్దగా లేదు. రెండు వారాలు ఉందామని వెళ్లాను. ఆ ఊళ్లో వేసవంటే పెంగ్విన్లు. మోకాలంత కూడా ఉండవు, నీలం వీపులు. పొద్దుగుంకాక సముద్రంలోంచి వచ్చి ఇళ్ల కింద దూరి, గాడిదల్లా ఓండ్ర పెడతాయి. పిన్ని వాళ్ల వెనక వరండా చెక్కల కింద ఒక జంట ఏళ్ల తరబడి కాపురం ఉంటోంది. చేపల కంపు. ఆ నెలలో వాటికి ఈకలు రాలి కొత్తవి వస్తాయి. కొత్త ఈకలు పూర్తిగా వచ్చేదాకా అవి నీళ్లలోకి దిగలేవు. తిండీ ఉండదు. ఒకటి మెట్ల పక్కనే, పాత దిండు చిరిగినట్టు ఈకలు చుట్టూ రాల్చుకుని, రోజుల తరబడి నిలబడే ఉంది.

“ఏదైనా పెడదామా పిన్నీ?” అన్నాను.

“వద్దుట. పక్కింటావిడ చెప్పింది. ముట్టుకోకూడదుట, వదిలెయ్యాలిట.” మెట్టు మీద కూర్చుని చీర చెంగు కాళ్ల చుట్టూ కప్పుకుంది. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. ఎయిర్‌పోర్టులో పిన్ని అన్న మాట రెండు నెలలుగా నా డైరీలో, నా తలలో తిరుగుతూనే ఉంది. బాగుంటే ఎందుకు వచ్చేసిందని అడిగాను. అడిగింది నేనేనా అన్నట్టు పిన్ని నా వైపు చూసింది.

“ఆరోజు మీ చెల్లి చెప్పిన మాట గుర్తుందా? అమ్మని చూసుకుంటానంది. అది ఎలాగూ చూసుకునే పిల్లే. ఎలాగూ చేసేదే ఇస్తానంటే, ఇచ్చినట్టు ఎలా అవుతుంది?” అంది. “నా దగ్గర నాకు కావలసింది ఒక్కటే ఉందే అప్పుడు. ఇక్కణ్నుంచి వెళ్లిపోవడం. అదే ఇచ్చేశాను.”

“బాబాయి అది అడిగాడని ఎలా తెలుసు?”

“అడిగాడని నేననలేదు.” కాసేపు పెంగ్విన్‌ని చూసింది. “వెళ్దామని ఒప్పుకున్నాక ఆయన రాళ్ల మీదికి వెళ్లడం మానేశారు. గాలం తీసి మూల పెట్టేశారు. నేనడిగితే, ‘ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా’ అన్నారు. కోపంగా కాదు. పద్నాలుగేళ్లకి గెలిచాను కదా, ఆ సంబరంలో అట్టపెట్టెలు మడుస్తూ ఉన్నాను. ఇంట్లో మనిషి మాట్లాడ్డం తగ్గిపోయిందని ఆ పదో రోజున గుర్తొచ్చింది నాకు.”

గుండె జబ్బుకి అది కారణం కాదని నేను అనాలి. అన్నాను కూడా, చాలా చిన్నగా.

“నాకూ తెలుసమ్మా. డాక్టరు చెప్పాడు, రక్తనాళం మూసుకుపోయిందని.” లేచి వెళ్లి, నీళ్ల గొట్టం సన్నగా తిప్పి, పెంగ్విన్‌కి దూరంగా ఉన్న మొక్కలకి మాత్రం నీళ్లు పెట్టింది.

మార్చిలో సంవత్సరీకానికి నేను మళ్లీ వెళ్లాను, చెల్లి సెలవు పెట్టి వచ్చింది. పొలాల్లో ఉల్లిపాయలు తవ్వేశారు. ఊరంతా ఆ వాసన. పంతులుగారు మళ్లీ ట్యాబ్లెట్‌లో. చెల్లి ఈసారి ఒక కాగితం కూడా లేకుండా మంత్రాలన్నీ ఆయన వెంట చక్కగా పలికింది. ఏడాదిగా మాసికాలన్నీ సిడ్నీలో తనే పెట్టింది మరి. పిండం దగ్గర తండ్రితో ఏమనాలో కూడా సిద్ధం చేసుకుని వచ్చిందని నాకు ముందురోజే చెప్పింది. అమ్మని వదిలెయ్యి నాన్నా అని అడుగుతుందట. కాని పిండం రాతి మీద పెట్టి వెనక్కి తిరిగేలోపలే రెండు రేవెన్లు ఎక్కణ్నుంచో దిగి తినేశాయి. తను నోరు తెరవనే లేదు.

భోజనాల తరవాత చెల్లి ఆ మాట ఎత్తింది. “చూశావా అమ్మా, నాన్న హ్యాపీ. వెంటనే వచ్చాడు. ఇంక నువ్వు వచ్చెయ్యొచ్చు.”

“నేనిక్కడున్నాను కాబట్టి హ్యాపీ ఏమో” అంది పిన్ని, గారెలు డబ్బాలో సర్దుతూ.

చెల్లికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. కుర్చీలో వెనక్కి వాలి, గోడ మీది బాబాయి ఫొటో వైపు చూసి ఊరుకుంది. ఆ రెండు రోజులూ ఇద్దరూ ఒకరితో ఒకరు చాలా మర్యాదగా ఉన్నారు. కాఫీ కలిపిస్తే థ్యాంక్స్ చెప్పుకున్నారు.

బయల్దేరే రోజు ఎయిర్‌పోర్టుకి ఇద్దరం ఒక్క కారులోనే వెళ్లాలి, చెల్లి అద్దెకి తీసుకున్నది. నేను సంచులు వెనక పెడుతున్నాను. సముద్రం బూడిదరంగులో, చదునుగా ఉంది. గాలి లేదు.

“అమ్మా, ఐ వోంట్ ఆస్క్ యు ఎగైన్” అంది చెల్లి. మెత్తగానే అంది. తల్లికి ఒక బరువు తగ్గిస్తున్నాననుకుంది. “నిన్ను ఇంక విసిగించను. నువ్వు ఇక్కడే ఉండు. నేనే వస్తూ ఉంటా.”

పిన్ని కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. ఆవిడ మొహం ఒక్కసారిగా ముసలిదానిలా అయిపోయింది.

“అలా అనకు” అంది. “అడుగు. వచ్చినప్పుడల్లా అడుగు, ఫోన్‌లో అడుగు. నేను రానంటాను, అయినా అడగడం మానెయ్యకు. నువ్వు అడుగుతుంటేనే, నేను వెళ్లగలిగే మనిషిననిపిస్తుంది.”

చెల్లి తాళం చెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. తరవాత తెలుగులో, మాట మాటకీ తడుముకుంటూ అడిగింది.

“అమ్మా, నాతో వచ్చెయ్యవా?”

“రానమ్మా” అంది పిన్ని. దాని చెంప మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.